వెనిలా పూవునకు పెండ్లి చేసిన బాలుడు

పాయసమునకు ఏలకులు, పులిహోరకు ఇంగువ, చారునకు కరివేపాకు - ఏ వంటకమునకు ఏ వాసన తగునో మన ఇల్లాండ్రకు ఒకరు నేర్పనక్కరలేదు. అయితే ఈ పాత పరిమళముల నడుమకు, మన వంటయింటి అలమరలోనికి, కొన్ని తరముల క్రిందట ఒక చిన్న సీసా వచ్చి చేరినది. పిల్లల పుట్టినరోజు కేకునకును, వేసవిలో చేసికొను ఐసుక్రీమునకును ఆ సీసానుండి నాలుగు చుక్కలు వేయుదురు. దాని పేరు వెనిలా. అది ఏ చెట్టు కాయయో, ఏ దేశపు సరకో అడిగినచో చెప్పగలవారు అరుదు. ఐసుక్రీము తెల్లగా నుండుటచేత వెనిలా యనగా తెలుపు అనియే పలువురి తలంపు. నిజమునకు వెనిలా నల్లనిది. అది ఒక తీగకు కాచెడి కాయ. ఆ తీగ చరిత్రలో చక్రవర్తులున్నారు, రాణిగారి వైద్యులున్నారు, అమెరికా అధ్యక్షుడొకడు కూడ ఉన్నాడు. కాని మేము నేడు చెప్పదలచిన కథకు నాయకుడు వారెవ్వరును కారు. పండ్రెండేండ్ల బానిస బాలుడు.

ముందుగా తీగను గూర్చి రెండు మాటలు. వెనిలా ఆర్కిడ్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమున వేలకొలది జాతులున్నవి. అన్నియు పూల యందమునకే పేరుపడినవి. కాయకొరకు మానవుడు విరివిగా సేద్యము చేయునది వీనిలో ఇది యొక్కటే యని చెప్పవచ్చును. తమలపాకు తోట చూచినవారికి ఈ తీగను ఊహించుకొనుట సులభము. మన తమలపాకు తీగ అవిసె చెట్టును పట్టుకొని ప్రాకినట్లే ఇదియు ఒక చెట్టు నానుకొని పైకి పోవును. కణుపు కణుపునను వేళ్ళు పుట్టి బెరడును కరచుకొనును. ఆకులు దళసరిగను, నున్నగను ఉండును. లేత పసుపు కలిసిన ఆకుపచ్చని పూలు గుత్తులుగా పూయును. కాయ జానెడు పొడవున బీన్సుకాయవలె వ్రేలాడును. విచిత్ర మేమనగా, తీగను ఉన్నంతకాలము ఆ పచ్చికాయకు వాసనయే లేదు!

ఈ తీగకు పుట్టినిల్లు మెక్సికో దేశపు ఆగ్నేయభాగమందలి అడవులును, దానికి చేరువనున్న మధ్య అమెరికాయును. మెక్సికో తూర్పుతీరమున పపాంట్లా పట్టణ ప్రాంతమున టొటొనాక్ అను జాతివారు కలరు. వెనిలా కాయను మాగబెట్టి పరిమళము పుట్టించు విద్యకు వారు ప్రసిద్ధులు. పదునైదవ శతాబ్దమున ఆజ్టెక్కులు వారిని జయించిరి. కకావ్ గింజలను నూరి చేసికొను పానీయములో ఆజ్టెక్కు ప్రభువులు వెనిలా కలుపుకొని త్రాగెడివారు. వారి భాషలో దీనికి 'త్లిల్‌షోచిట్ల్' అని పేరు. నల్లపూవు అని దాని యర్థము. పూవు నల్లనిది కాదు; మాగి యెండిన కాయ నల్లనిది. పేరు పెట్టినవారు పూవును చూడక కాయనే చూచి యుందురని మాకు తోచుచున్నది. పన్నుగా వచ్చిన సరకును చూచువాడు తోటను చూడడు గదా!

1519లో కోర్టెజ్ నాయకత్వమున స్పెయినువారు మెక్సికో తీరమున దిగిరి. రెండేండ్లలో ఆజ్టెక్కు రాజ్యము కూలినది. 1552లో మార్టిన్ దె లా క్రూజ్ అను ఆ దేశపు వైద్యుడు తనకు తెలిసిన మూలికలను గూర్చి ఒక గ్రంథము చెప్పగా, హువాన్ బడియానో అను మరియొక దేశీయుడు దానిని లాటిన్ భాషలోనికి మార్చెను. అందు వెనిలా తీగకు రంగుల బొమ్మ ఉన్నది. మనకు లభించిన వెనిలా చిత్రములలో అదియే మొదటిది. స్పెయినువారు కాయ ఆకారమును చూచి 'వైనిల్యా' అని పిలిచిరి. వారి భాషలో ఒరకు 'వైనా' అని పేరు. వైనిల్యా యనగా చిన్న ఒర. కత్తి చేతబట్టి వచ్చినవారికి కాయలో ఒర కనబడుటలో వింత లేదు.

ఐరోపాలో మొదట చాకొలెట్టును వెనిలాయును జంటగానే తిరిగినవి. చాకొలెట్టు లేకుండ వెనిలాను వేరుగా వాడవచ్చునని చూపినవాడు ఇంగ్లండు రాణి ఎలిజబెత్తుకు మందులు కూర్చిన హ్యూ మోర్గన్ అందురు. ఆయన ఇచ్చిన కాయలనే చూచి క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1605లో వర్ణన వ్రాసెను. ఫ్రాన్సునుండి వెనిలా ఐసుక్రీము రుచి మరిగి వచ్చిన థామస్ జెఫర్సన్, తరువాత అమెరికాకు మూడవ అధ్యక్షుడైనవాడు, దానిని చేయు విధమును స్వహస్తముతో వ్రాసికొన్న కాగితము నేటికిని అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

రుచి ఇంతగా వ్యాపించినను కాయ మాత్రము మెక్సికోనుండియే రావలసి యుండెను. దాదాపు మూడు వందల యేండ్లు ఇదే స్థితి. తీగ ముక్కలను ఓడలపై తెచ్చి ఇంగ్లండు, బెల్జియము, ఫ్రాన్సు దేశములలో గాజుటిండ్ల యందు పెంచిరి. తీగ బ్రతికినది, ఏపుగా ప్రాకినది. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి దశకమున లండనులో పూలు కూడ పూచినవి. ఉదయము విచ్చిన పూలు సాయంకాలమునకు వాడినవి, మరునాటికి రాలినవి. కాయ కాయలేదు. వెచ్చని దేశమున నాటినచో కాయుననుకొని సముద్రముల నడుమనున్న వలస దీవులకు పంపిరి. అచ్చటను అంతే. ఆకు, తీగ, పూవు - మూడును సమృద్ధియే. కాయ మాత్రము సున్న.

కారణము పూవు నిర్మాణమున ఉన్నది. ఇది కొంచెము నిదానముగా చెప్పవలసిన సంగతి. గుమ్మడి, బీర, పొట్ల మొదలగు పాదులకు పోతుపూలు వేరు, పిందెపూలు వేరు. మన పల్లెలలో తుమ్మెద రాని రోజులలో పెద్దలు తెల్లవారుజామున పోతుపూవును త్రుంచి పిందెపూవు నడుమ రాచుటను చిన్ననాట మేమును చూచియున్నాము. వెనిలా పూవు అట్టిది కాదు. పుప్పొడియు, దానిని గ్రహించు కీలాగ్రమును ఒక్క పూవులోనే, ఒక్క కాడమీదనే, వరిగింజ పొడవు దూరమైన లేకుండ ఉన్నవి. అయినను రెంటికిని నడుమ చిన్న నాలుకవంటి పొర యొకటి అడ్డముగా వ్రేలాడుచున్నది. పెండ్లిపీటలమీద వధూవరులను కూర్చుండబెట్టి నడుమ తెరసెల్ల పట్టినట్లు! ముహూర్తము వేళకు తెర తీయు పురోహితుడు లేడు. మెక్సికో అడవులలో ఆ పని చేయునవి అక్కడి తేనెటీగలు. మెలిపోనా యను చిన్న యీగ యని చిరకాలము నమ్మిరి. ఆర్కిడ్ పూలను వెదకి తిరుగు మరియొక జాతి యీగలే యని ఇటీవలి పరిశోధకులు తలంచుచున్నారు. ఏ యీగ యైనను అది అన్యదేశములకు తీగతోపాటు ఓడ యెక్కలేదు. మెక్సికోలో సయితము ఈగలవలన కాయగట్టు పూలు నూటికి ఒకటో రెండో యని చెప్పుదురు.

ఈ చిక్కును శాస్త్రజ్ఞులు విప్పలేదా యనిన, విప్పిరి. బెల్జియములోని లియేజ్ నగరమున షార్ల్ మోరెన్ అను ఆచార్యుడు 1836లో తన గాజుటింటి తీగకు చేతితో పరాగసంపర్కము చేసి కాయలు కాయించెను. 1838లో పారిసు ఉద్యానమున నూమాన్ అను తోటపండితుడును సాధించెను. వారి కీర్తిని మేము తక్కువ చేయుట లేదు. కాని ఆ విద్య గాజుటింటి గోడలు దాటి తోటలోనికి రాలేదు. రైతు తన తోటలో రోజుకు వేయి పూలకు చేయదగిన సులభోపాయము కావలసి యుండెను. అది మరియొక చోట పుట్టినది.

హిందూ మహాసముద్రమున, మడగాస్కరు దీవికి తూర్పున, మారిషసునకు పొరుగున రియూనియన్ అను దీవి యున్నది. ఫ్రెంచివారి వలస. అప్పటి పేరు బోర్బోన్. 1819లో ఒకమారును, 1822లో పారిసు నుండి మరియొకమారును వెనిలా తీగలను ఆ దీవికి తెచ్చిరి. తెచ్చినవానిలో చాల భాగము చచ్చినవి. సేంట్ సుజాన్ అను ఊర ఫెరియోల్ బెల్లియే-బోమాన్ అను తోట యజమానికడ ఒక తీగ ఇరువదియేండ్లుగా బ్రతికి యుండెను. అదియు అందరి తీగలవలెనే గొడ్డుతీగ.

ఆ యూరనే 1829లో ఎడ్మండు పుట్టెను. తల్లి మెలీజ్ బానిస, ప్రసవమందే మరణించినది. తండ్రి పాంఫిల్ అను బానిస యని చెప్పుదురు. ఆ పిల్లవాడు తండ్రి నెరుగడు. బానిసకు ఇంటిపేరు ఉండదు గనుక ఎడ్మండు కేవలము ఎడ్మండే. వానిని ఫెరియోల్ తన యింట పెంచెను. ఫెరియోల్‌నకు పూలమొక్కల పిచ్చి. తోటలో తిరుగునపుడెల్ల వెంట ఈ బాలుడు. బడి లేదు, అక్షరము లేదు; చెట్ల పేర్లు మాత్రము వానికి కంఠస్థములు. ఒకనాడు ఫెరియోల్ పుచ్చజాతి పాదు నొకదానిని చూపి, పోతుపూవు పుప్పొడిని పిందెపూవునకు ఎట్లు చేర్చవలెనో నేర్పెను. మన గుమ్మడిపాదు విద్యయే. బాలుడు దానిని మనసున పెట్టుకొనెను.

1841లో ఒక ఉదయము ఫెరియోల్ ఎడ్మండుతో తోటలో నడుచుచు ఆ ముసలి వెనిలా తీగను చూచెను. దానికి ఒక కాయ వ్రేలాడుచుండెను. ఇరువదియేండ్లలో ఎన్నడును లేని కాయ! ఆశ్చర్యపడి బాలునకు చూపగా, 'నేనే కాయించితి' నని వాడు చెప్పెను. యజమాని నమ్మలేదు. పండ్రెండేండ్లవాని మాట యేల నమ్మును? రెండు మూడు దినములు గడచినవి. తీగకు ఇంకొక కాయ తగిలినది. అప్పుడు ఫెరియోల్ నిలిచి, ఎట్లు చేసితివో చూపు మనెను. బాలుడు ఒక పూవును ఎడమచేత పట్టి, ముందు రేకను ప్రక్కకు త్రోసి, సన్నని పుల్లతో ఆ నాలుకవంటి పొరను పై కెత్తి, బొటనవ్రేలితో పుప్పొడి ముద్దను క్రింది కీలాగ్రముమీదికి మెత్తగా నొక్కెను. అంతే. చెప్పుటకు పట్టిన కాలము చేయుటకు పట్టలేదు.

వాడు దానిని ఎట్లు కనుగొనెను? పాదుపూల పాఠము ఒక్కటియే మూలము కాజాలదు. ఈ పూవున పోతు, పిందె భేదమే లేదు. ఒక పూవును విప్పి, లోపల నున్నది ఏది, అడ్డము నున్నది ఏది అని తనంత తాను పరిశీలించి యుండవలెను. ఎన్ని పూలు చెడగొట్టెనో, ఎన్ని ఉదయములు ఆ తీగవద్ద గడపెనో వ్రాసిపెట్టినవారు లేరు.

ఫెరియోల్ ఈ రహస్యమును దాచుకొనలేదు. పొరుగు తోటల యజమానులకు తెలియజేసెను. వారు ఎడ్మండును పిలిపించుకొనిరి. బండిమీద ఒక తోటనుండి మరియొక తోటకు పోవుచు, ఆ పిల్లవాడు తనవంటి బానిసలకే ఈ విద్యను నేర్పెను. రియూనియనులో దీనికి నేటికిని 'ఎడ్మండు చేష్ట' అని పేరు. పూలకు ఈ పని చేయు స్త్రీలను అచ్చట 'పెండ్లి చేయువారు' అని పిలుతురు. మన పెండ్లిళ్ళ పేరయ్యలకు రియూనియను చెల్లెండ్రన్నమాట!

ఇచ్చట ఒక వివాదము నెత్తుకొనవలసి యున్నది. చరిత్ర వ్రాయువారికి ఇది దాటిపోదగిన సంగతి కాదు. సేంట్ డెనీ నగరమున ప్రభుత్వోద్యానమునకు అధిపతిగా ఝాఁ మిషెల్ క్లోద్ రిషార్ అను పేరుపొందిన వృక్షశాస్త్రజ్ఞుడుండెను. వెనిలా వలన దీవికి ధనము వచ్చుట ఆరంభమైన పిమ్మట ఆయన, ఈ విద్యను 1838లోనే తాను కొందరికి చూపితిననియు, ఆ బాలుడు అది చూచి నేర్చెననియు ప్రకటించెను. ఒకవైపు బిరుదులున్న పండితుడు. మరియొకవైపు అక్షరమురాని నల్లవాడు. లోకము ఎవరి మాట వినును? ఆ దీవి చరిత్రను కూర్చుచున్న వోల్సీ-ఫోకార్ అను ఆయనకు ఫెరియోల్ 1860 తరువాతి యేండ్లలో జాబులు వ్రాసెను. రిషార్ తనకు చిరకాల మిత్రుడనియు, ఆయన మనసు నొప్పించుట ఇష్టము లేదనియు, అయినను ఎడ్మండు ఎడల తనకు ఒక ధర్మమున్నదనియు అందు చెప్పెను. వయోభారముననో, జ్ఞాపకలోపముననో మిత్రుడు లేనిదానిని ఊహించుకొనుచున్నాడని స్పష్టముగనే వ్రాసెను.

మాకు ఫెరియోల్ మాటయే సత్యమని తోచుచున్నది. కారణము సాదా కారణమే. 1838లో ఆ విద్యను తోటల యజమానులకు చూపియే యున్నచో, మూడేండ్లపాటు దీవి యంతటను ఒక్క కాయయైన కాయకుండుట యెట్లు? ఎడ్మండును బండి యెక్కించి తోట తోటకు త్రిప్పుకొనవలసిన అవసరమేమి? లాభమున్న విద్యను విని మూడేండ్లు ఊరకుండు వర్తకుడు ఏ దేశముననులేడు. ఫెరియోల్‌నకు ఈ సాక్ష్యమువలన కలిగిన లాభమేమియు లేదు. మిత్రుని పోగొట్టుకొనుటయే ఆయన పొందిన ఫలము. అట్లని ఆయనను ఆకాశమున కెత్తవలసిన పనియు లేదు. ఆ బాలుడు ఏడేండ్లపాటు తరువాత కూడ బానిసగనే యుండెనన్న సంగతి మరువరాదు.

1848 డిసెంబరు 20వ తేదీన సార్దా గారిగా అను ఫ్రెంచి ప్రతినిధి రియూనియనులో బానిసత్వము రద్దయినదని ప్రకటించెను. అరువది వేలకు పైబడినవారు ఆనాడు స్వతంత్రులైరి. అందరికిని ఇంటిపేర్లు కావలసి వచ్చెను. ఎడ్మండునకు దొరికినది 'ఆల్బియుస్'. లాటిన్ భాషలో 'ఆల్బుస్' అనగా తెల్లనిది. నల్లని బాలునకు తెల్లని పేరు. వెనిలా పూవు లేతవన్నెకు గుర్తుగా పెట్టిరని కొందరందురు. పరిహాసముగా పెట్టిరని మా అనుమానము.

స్వాతంత్ర్యము వచ్చినది గాని ఒక కుంచెడు నేలయైన రాలేదు. ఎడ్మండు పట్టణమునకు పోయి వంటయింట కూలికి కుదిరెను. 1852లో నగల దొంగతనము కేసున పట్టుబడి కఠినశిక్ష పొందెను. ఫెరియోల్ మొదలగువారు ఈతడు దీవికి చేసిన మేలును విన్నవించుకొనగా శిక్షాకాలము పూర్తి కాకమునుపే విడుదల చేసిరి. తిరిగి సేంట్ సుజాన్ చేరి, పెండ్లాడి, కాయకష్టము చేసికొని బ్రతికెను. ఆతనికి ఏదైన భృతి నిమ్మని ఫెరియోల్ ప్రభుత్వమును కోరెను, అది నెరవేరలేదు. 1860 తరువాత రూసాఁ అను చిత్రకారుడు దీవిలోని విశేషములను అచ్చువేసిన సంపుటమున ఎడ్మండు చిత్రము ఒకటి యున్నది. చేత వెనిలా కొమ్మ. ఆతని రూపమును మన కెరిగించునది అదియే. 1880 ఆగస్టు 9వ తేదీన ఏబదియొకటవ యేట, ధర్మాసుపత్రిలో, దరిద్రుడుగా మరణించెను. దీవికి గొప్ప లాభము తెచ్చినవాడు ఇట్లు పోయెనని అక్కడి పత్రిక యొకటి నాలుగు పంక్తులు వ్రాసినది.

ఆ లాభ మెంతయో లెక్కలున్నవి. 1848లో దీవినుండి ఫ్రాన్సునకు ఎగుమతియైన వెనిలా 50 కిలోలు. 1858లో రెండు టన్నులు. 1867లో ఇరువది. 1898లో రెండు వందల టన్నులు. మూడు వందల యేండ్లు ఎదురులేక నిలిచిన మెక్సికోను, పటమున ఆవగింజంత కనబడు ఈ దీవి దాటిపోయెను. నేడు సేంట్ సుజాన్‌లో ఎడ్మండునకు స్మారక మున్నది.

తెలుగువారు ఈ దీవిని గూర్చి విన్నపుడు తలచుకొనవలసిన ముచ్చట ఒకటి కలదు. ఎడ్మండు పుట్టుటకు ఒక యేడు ముందు, 1828లో, మన గోదావరి యొడ్డున ఫ్రెంచివారి యధీనమున నున్న యానామునుండి పదునైదుగురు కూలీలను బోర్బోన్ దీవికి ఓడమీద తీసికొనిపోయిరి. ఒప్పందముమీద ఆ దీవికి పోయిన భారతీయులలో వారు మొదటివారు. ఫ్రెంచి కాగితములలో వారిపేరు 'తెలింగాలు'. వారి వెనుక మరికొందరు పోయిరి గాని ఆ ప్రయత్నము అప్పటికి నిలువలేదు. బానిసత్వము రద్దయిన పిమ్మట తోటల యజమానులకు చేతులు కరవైనవి. మరల మన తీరములవైపే చూచిరి. 1860లో ఫ్రాన్సునకును ఇంగ్లండునకును కుదిరిన ఒప్పందముచే బ్రిటిషు ఇండియానుండియు కూలీలను చేర్చుకొనుటకు వీలు కలిగినది. అక్కడి బాధలు వెల్లడియై 1882లో అది ఆగినది. పోయినవారిలో అరవవారే ఎక్కువ, మనవారును ఉన్నారు. వారికి ప్రధానమైన పని చెఱకు తోటలలోనే. పేరులు మారి, భాష మరచి, గుడులు మాత్రము నిలుపుకొని, వారి సంతతి నేటికిని అచ్చట నున్నది.

రియూనియను నుండి ఈ విద్య ప్రక్కనున్న మడగాస్కరునకు పందొమ్మిదవ శతాబ్దపు చివర చేరినది. ఆ దీవి ఈశాన్యతీరమే నేడు ప్రపంచమునకు వెనిలా కొట్టు. అచ్చటి రైతులు దొంగలకు వెరచి, పచ్చికాయమీదనే గుండుసూదులతో తమ గుర్తులు పొడిచి పెట్టుకొందురు. ఈలోపల రసాయనశాస్త్రము వేరొక దారి త్రొక్కినది. 1874లో టీమాన్, హార్మాన్ అను జర్మనులు దేవదారుజాతి చెట్టురసమునుండి వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌ను తయారు చేసిరి. పిమ్మట లవంగ తైలమునుండియు, కాగితపు మిల్లుల మడ్డినుండియు, ఇతర రసాయనములనుండియు చేయనేర్చిరి. నేడు లోకమున వాడబడు వెనిలా రుచిలో నిజమైన కాయనుండి వచ్చునది నూటికి ఒక వంతైన లేదందురు. మన అలమరలోని సీసామీద సన్నని యక్షరములతో 'కృత్రిమము' అని వ్రాసి యుండును. కళ్ళజోడు పెట్టుకొని చూడవలెను.

మన దేశములోను ఈ తీగ కొన్నాళ్ళు రైతులను ఊరించినది. 2000 ఏప్రిలులో హుడా తుపాను మడగాస్కరు తోటలను నేలమట్టము చేయగా ధర ఆకాశమున కంటెను. 2003 నాటికి మాగిన కాయ కిలో వందలకొలది డాలర్లు పలికెను. కేరళ, కర్ణాటక రాష్ట్రములలో పోకతోటల నడుమను, కాఫీతోటల నడుమను రైతులు వెనిలా తీగలు నాటిరి. మూరెడు తీగ ముక్కకు సయితము గిరాకి వచ్చెను. రాత్రులు తోటలకు కాపలా లుండిరి. తీగ కాపునకు వచ్చుటకు మూడేండ్లు పట్టును. వారి తీగలు కాయునప్పటికి మడగాస్కరు కోలుకొన్నది. 2004 తరువాత ధర పాతాళమునకు దిగిపోయెను. అప్పు చేసి నాటినవారి గతి యేమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతయు విన్న పిమ్మట ఒకటి రెండు తీగలు పెరటిలో నాటి చూతమని ముచ్చటపడువారికి కొంత చెప్పుట మా విధి. వెనిలాకు వేడియు, తేమయు రెండును కావలెను, ఎఱ్ఱనియెండ పనికిరాదు. చెట్ల నీడలో వడగట్టిన వెలుతురు దానికి హితము. నీరు నిలిచిన చోట వేళ్ళు క్రుళ్ళును. మూడడుగులకు తక్కువ కాని తీగ ముక్కను, ఆకుల యెరువు నిండిన నేలలో, గ్లిరిసిడియావంటి చెట్టు మొదట నాటవలెను. తీగను దాని యిష్టమునకు వదలినచో చెట్టు చివరివరకు పోవును. మనిషి చేతికందదు, పూతయు తక్కువ. కనుక చేయెత్తు పెరిగినపిదప కొమ్మమీదుగా క్రిందికి వంచి, మరల పైకి పోనిచ్చుచుండవలెను. మూడవ యేట పూత వచ్చును. ఒక గుత్తిలో పదునైదు ఇరువది మొగ్గలుండి దినమునకు ఒకటి రెండు చొప్పున విచ్చును. గుత్తికి ఎనిమిది పది పూలకు మించి కాయించరాదు. ఆశపడినచో తీగ నీరసించి మరుసటి యేడు పూయదు.

కాయ ముదురుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. కొన పసుపు తిరుగగానే కోయవలెను. ఆ మీదటిది మాగబెట్టు పని, అది తల్లి బిడ్డను సాకినట్టిది. కాయలను చేయి కాలు వేడినీట - అరువదిమూడు, అరువదియైదు సెంటిగ్రేడు డిగ్రీలు - మూడు నిమిషములు ముంచి తీసి, కంబళులలో చుట్టి ఒక రేయి చెమట పట్టింతురు. అప్పటికే గోధుమరంగు వచ్చును, మొదటి వాసన యప్పుడు పుట్టును. తరువాత కొన్ని వారములు పగలు కొన్ని గంటలు ఎండలోను, మిగిలిన వేళ కంబళిలోను. ఆ పిదప నెలకు పైగా నీడలో. ఆపై పెట్టెలలో మూసి మరికొన్ని నెలలు. ఐదారు కిలోల పచ్చికాయ ఎండి ఒక కిలో యగును. ఇంత శ్రమ పడినను చక్కగా మాగిన కాయలో వెనిలిన్ నూటికి రెండు వంతులే. కాని కాయలో దానితోపాటు మరి నూరు పరిమళములు సూక్ష్మముగా నుండును. సీసాకును, కాయకును భేద మదియే.

తీగ మొదటిసారి పూచిన నాడు మాత్రము కాఫీ త్రాగి వెళ్ళుదమని జాగు చేయరాదు. తెల్లవారిన పిదప విచ్చిన పూవు పదునొకండు గంటలకు వడలుట ఆరంభించును. వెదురుపుల్ల యొకటి సన్నగా చెక్కుకొని, ఉదయము తొమ్మిది గంటలలోపల తీగవద్దకు పోయి, ఆ పొరను పై కెత్తి బొటనవ్రేలితో మెల్లగా నొక్కవలెను. మరునాడు పూవు రాలక కాడనంటి యున్నచో కాయ పడినదని తెలిసికొనవచ్చును.